మెస్సు నూనె డబ్బాలో ఏముంది?

గల్ఫ్‌లో ఏ క్యాంపుకు వెళ్లినా, ఏ రూము తలుపు తట్టినా రెండు విషయాల మీద కొట్లాట తప్పదు. ఒకటి, ఏసీ ఎంత మీద పెట్టాలన్నది. రెండోది, కూరలో నూనె ఎంత పోయాలన్నది. బియ్యం ఎన్ని కిలోలు తెచ్చారు, కోళ్లు ఎన్ని తెచ్చారు అని ఎవరూ పెద్దగా అడగరు. నూనె డబ్బా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి ఒక్కరూ డాక్టరే. "నూనె పైకి తేలకుంటే అది కూరే కాదు" అనేది ఒక పార్టీ. "నూనె అంటేనే గుండెపోటు, నాకు వేరే వండండి" అనేది ఇంకో పార్టీ. నెలాఖరున లెక్కలు వేసేటప్పుడు మూడో పార్టీ కూడా లేస్తుంది: "ఏ నూనె అయితే ఏంది, తక్కువకు వచ్చేది తెండి" అంటుంది.

ఊళ్లో ఉన్నప్పుడు డిగ్రీలో కెమిస్ట్రీ చదివినవాణ్ని, ఇక్కడ స్టోర్‌లో సామాన్ల లెక్క రాసే పని చేస్తున్నవాణ్ని. అందుకని మా రూములో ఈ పంచాయితీ తరచుగా నా మంచం దగ్గరికే వస్తుంది. ఈమధ్య మా రూము తమ్ముడొకడు రక్తపరీక్ష కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అన్నా, దీంట్ల ట్రైగ్లిజరైడ్స్ అని రాసిండ్రు, ఎక్కువున్నయట. నూనె మొత్తం బంజేస్తె తగ్గుతదా?" అని అడిగాడు. అడిగింది చిన్న ప్రశ్నే. జవాబు మాత్రం ఒక్క ముక్కలో చెప్పేది కాదు. అది అర్థం కావాలంటే నూనెలో, నెయ్యిలో, మాంసంలో, చేపలో, మన పొట్ట మీద పేరుకున్న కొవ్వులో ఉండే ఒక చిన్న పదార్థం గురించి తెలుసుకోవాలి. డాక్టర్లు దాన్ని ఫ్యాటీ యాసిడ్ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో కొవ్వు ఆమ్లం అని రాసేవారు.

యాసిడ్ అనగానే బ్యాటరీలో పోసే యాసిడ్ గుర్తుకొచ్చి భయపడాల్సిన పని లేదు. నిమ్మకాయలో ఉన్నదీ యాసిడే, చింతపండులో ఉన్నదీ యాసిడే. కొవ్వు ఆమ్లం ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక రైలును ఊహించుకోండి. నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, బొంబాయిలో దిగి, అక్కడి నుంచి విమానం పట్టినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ రైలులాగే దీనికి ముందు ఒక ఇంజిన్, వెనక పొడవుగా బోగీలు ఉంటాయి. ఇంజిన్ ఉన్న చోటే ఆమ్లం గుణం ఉంటుంది. బోగీలన్నీ కార్బన్ పరమాణువులు. మనం తినే నూనెల్లో ఎక్కువగా ఉండేవి 16 లేదా 18 కార్బన్ల రైళ్లు. నెయ్యిలో అయితే 4 కార్బన్ల పొట్టి రైళ్లు కూడా కొన్ని ఉంటాయి.

ఈ రైలుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. ఇంజిన్‌కు నీళ్లంటే ఇష్టం, బోగీలకు నీళ్లంటే పడదు. మనం రోజూ వాడే సబ్బు పనిచేసేది ఈ గుణంతోనే. సబ్బు అంటే కొవ్వు ఆమ్లానికి క్షారం కలిస్తే తయారైన లవణం. సైటు నుంచి వచ్చి గ్రీజు చేతులు కడుక్కుంటాం కదా, అప్పుడు సబ్బులోని తోక భాగం జిడ్డును పట్టుకుంటుంది, తల భాగం నీళ్లను పట్టుకుంటుంది. నీళ్లు పోతూ పోతూ జిడ్డును కూడా లాక్కుపోతాయి. షెవ్రూల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ సబ్బుల మీద పరిశోధన చేస్తూనే కొవ్వుల్లో ఏమున్నదో విడదీసి చూశాడు. 1823లో దాని మీద ఒక పుస్తకం అచ్చు వేశాడు. కొవ్వుల మీద అంత పని చేసిన ఆ పెద్దమనిషి 102 ఏళ్లు బతికాడు.

నూనెలో ఈ రైళ్లు విడివిడిగా తిరగవు. మూడు రైళ్లు ఒక గ్లిజరాల్ ముక్కకు తగులుకుని ఉంటాయి. మూడు ముళ్ల పంగలాంటి ఆకారం అది. ఆ మూడింటి గుంపు పేరే ట్రైగ్లిజరైడ్. అంటే మా తమ్ముడి కాగితంలో రాసిన మాటకు అర్థం, రక్తంలో తిరుగుతున్న కొవ్వు అని. డబ్బాలో ఉన్నదీ అదే, పొట్ట మీద ఉన్నదీ అదే, రక్తంలో తిరిగేదీ అదే.

అన్నీ ఒకటే అయినప్పుడు నెయ్యి గడ్డ కట్టడమేంటి, పల్లి నూనె గడ్డ కట్టకపోవడమేంటి? దీనికి జవాబు బోగీల్లో కూర్చున్న ప్రయాణికుల్లో ఉంది. ప్రతి కార్బన్ బోగీలో హైడ్రోజన్ అనే ప్రయాణికులకు సీట్లుంటాయి. అన్ని సీట్లూ నిండి ఉంటే దాన్ని సంతృప్త కొవ్వు ఆమ్లం అంటారు. డబ్బా మీద సాచురేటెడ్ అని రాసేది దీన్నే. పక్కపక్క బోగీల్లో ఒక్కో సీటు ఖాళీ అయితే ఆ రెండు బోగీలూ ఒక లింకుకు బదులు రెండు లింకులతో పట్టుకుంటాయి. అక్కడ రైలు వంగుతుంది. ఇది అసంతృప్త కొవ్వు ఆమ్లం, అన్‌సాచురేటెడ్.

స్కాఫోల్డింగ్ పని చేసే మన సోదరులకు ఇది ఇంకా తేలికగా అర్థమవుతుంది. తిన్నని పైపులను పేర్చితే ఒకదాని మీద ఒకటి బిగుతుగా కూర్చుంటాయి. వంగిన పైపులను ఎంత సర్దినా మధ్యలో సందులు మిగులుతాయి. సంతృప్త ఆమ్లాలు తిన్నని పైపులు. దగ్గరగా చేరి గడ్డ కడతాయి. అందుకే నెయ్యి, డాల్డా, మేక కొవ్వు గట్టిగా ఉంటాయి. అసంతృప్త ఆమ్లాలు వంగిన పైపులు. అందుకే పల్లి నూనె, నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె పారుతుంటాయి. రాత్రి ఏసీ 20 మీద పెట్టి పడుకుంటే పొద్దున తలకు పెట్టుకునే కొబ్బరి నూనె సీసాలో తెల్లగా గడ్డ కట్టి ఉంటుంది చూశారా? కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం సంతృప్త ఆమ్లాలే. పక్కనే ఉన్న పొద్దుతిరుగుడు నూనె అదే చలిలో నీళ్లలా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇవి మన ఒంట్లో ఏం పని చేస్తాయి? నాలుగు పనులు చెబుతాను.

మొదటిది, ఇంధనం. ఒక గ్రాము అన్నం పిండి నుంచి గానీ, మాంసకృత్తుల నుంచి గానీ ఒంటికి వచ్చే శక్తి 4 కేలరీలు. ఒక గ్రాము కొవ్వు నుంచి 9 కేలరీలు. శరీరం ఈ కొవ్వు ఆమ్లాల రైలును తోక నుంచి కాదు, ఇంజిన్ వైపు నుంచి రెండేసి కార్బన్లు కోస్తూ కాలుస్తుంది. జర్మనీకి చెందిన ఫ్రాంజ్ నూప్ 1904లో కుక్కల మీద చేసిన ప్రయోగాలతో ఈ రెండేసి లెక్కను పట్టుకున్నాడు. మనకు పనికొచ్చే మాట ఏమిటంటే, మన గుండె తనకు కావలసిన శక్తిలో సగానికి పైగా కొవ్వు ఆమ్లాల నుంచే తీసుకుంటుంది. కొవ్వంటే గుండెకు శత్రువని అనుకుంటాం. కానీ మనం నిద్రపోయినా నిద్రపోకుండా కొట్టుకునే ఆ గుండె ఎక్కువగా నడిచేది కొవ్వు మీదే.

తక్కువ బరువులో ఎక్కువ శక్తి దాచుకోవాలంటే కొవ్వును మించింది లేదు. పిండి పదార్థాన్ని ఒంట్లో దాచితే అది తనతో పాటు నీళ్లను కూడా పట్టి ఉంచుకుంటుంది, బరువు పెరిగిపోతుంది. ఇక్కడి ఒంటెను చూడండి. దాని మూపురంలో నీళ్లుంటాయని చాలామంది అనుకుంటారు. ఉండేది కొవ్వు. మేత దొరకని రోజులకు దాచుకున్న సద్దిమూట అది. వలస పక్షులు బయలుదేరే ముందు ఒళ్లంతా కొవ్వు పెంచుకుంటాయి. 2022లో గాడ్విట్ అనే పొడుగు ముక్కు పిట్ట ఒకటి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మానియా దాకా 11 రోజుల పాటు ఎక్కడా దిగకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరింది. దారిలో తిండి లేదు, నీళ్లు లేవు. ఒంట్లోని కొవ్వే ప్రధాన ఇంధనం. ఆ జాతి పక్షులు చలికాలంలో ఒమాన్‌లోని బార్ అల్ హిక్మాన్ తీరానికి కూడా వస్తాయి. మనలాగే అవీ పొట్ట చేత పట్టుకుని సముద్రాలు దాటేవే.

రెండో పని, గోడలు కట్టడం. మన ఒంట్లో 30 లక్షల కోట్లకు పైగా కణాలున్నాయి. ప్రతి కణానికీ ఒక గోడ ఉండాలి కదా. ఆ గోడ కొవ్వు ఆమ్లాలతోనే తయారవుతుంది. నీళ్లంటే ఇష్టమున్న తలలు బయటికి, నీళ్లంటే పడని తోకలు లోపలికి పెట్టి రెండు వరుసలుగా నిలబడతాయి. గోడంటే సిమెంటు గోడ కాదు, మెత్తగా కదిలే గోడ. అందులో తిన్నని పైపులు మరీ ఎక్కువైతే బిగుసుకుపోతుంది, వంగినవి కొన్ని ఉంటేనే కదలిక ఉంటుంది. చల్లని సముద్రాల్లో తిరిగే చేపల కొవ్వులో బాగా వంగిన ఆమ్లాలు ఎక్కువ ఉండటానికి ఒక కారణం ఇదే. లేకుంటే ఆ చలికి వాటి కణాల గోడలు నెయ్యిలా గట్టిపడిపోయేవి. మన మెదడులో నీళ్లు తీసేస్తే మిగిలే దాంట్లో సగానికి పైగా కొవ్వే. డీహెచ్ఏ అని పిలిచే కొవ్వు ఆమ్లం మెదడుకూ కంటికీ చాలా ముఖ్యం.

మూడో పని, కబుర్లు మోయడం. సైటులో సుత్తి దెబ్బ వేలి మీద పడుతుంది. క్షణాల్లో వేలు ఎర్రబడి, వాచి, సలుపుతుంది. ఆ వాపును, ఆ నొప్పిని తెచ్చే కబురు ఎక్కడి నుంచి వచ్చింది? కణం గోడలో కూర్చున్న అరాకిడోనిక్ ఆమ్లం అనే 20 కార్బన్ల రైలు అక్కడి నుంచి విడిపోయి ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థంగా మారుతుంది. అది "ఇక్కడ దెబ్బ తగిలింది, రక్తం పంపండి" అని చాటింపు వేస్తుంది. మనం వేసుకునే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఆ మార్పును ఆపుతాయి. ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో 1971లో బయటపెట్టిన జాన్ వేన్‌కు 1982లో మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇక్కడే ఒక మాట. నొప్పి చేసే అదే పదార్థాలు మన కడుపు లోపలి పొరను, మూత్రపిండాలను కాపాడే పని కూడా చేస్తాయి. ఎండలో చెమట కారి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు రోజూ నొప్పి మాత్రలు మింగితే ఆ కాపలా పోతుంది. నడుం నొప్పికి గ్రోసరీలో మాత్రలు కొనుక్కుని నెలల తరబడి మింగే అలవాటు ఉన్నవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

నాలుగో పని, విటమిన్లను ఒంటికి పట్టించడం. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరుగుతాయే గానీ నీళ్లలో కరగవు. క్యారెట్, తోటకూర, పాలకూర కొంచెం నూనెతో వండుకుంటేనే అందులోని ఎ విటమిన్ సరుకు ఒంటికి బాగా పడుతుంది.

ఇన్ని పనులున్నాయి కాబట్టే నూనె మొత్తం మానేయడం మందు కాదు. 1929లో అమెరికాలోని మిన్నెసోటాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే భార్యాభర్తలు ఎలుకలకు అన్నీ పెట్టి ఒక్క కొవ్వు మాత్రం తీసేసి చూశారు. ఎలుకల ఎదుగుదల ఆగింది, తోకలు పొలుసులు బారాయి, రోగం ముదిరి చచ్చిపోయాయి. లినోలిక్ అనే కొవ్వు ఆమ్లం కొన్ని చుక్కలు ఇస్తే మళ్లీ కోలుకున్నాయి. మన శరీరం చాలా కొవ్వు ఆమ్లాలను తనే తయారు చేసుకోగలదు. రెండింటిని మాత్రం చేసుకోలేదు. ఒకటి ఒమెగా-6 కుటుంబానికి చెందిన లినోలిక్ ఆమ్లం. రెండోది ఒమెగా-3 కుటుంబానికి చెందిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. ఒమెగా అంటే గ్రీకు అక్షరమాలలో చివరి అక్షరం. రైలు చివరి బోగీ నుంచి లెక్కపెడితే మూడో కార్బన్ దగ్గర మొదటి వంపు వస్తే ఒమెగా-3, ఆరో కార్బన్ దగ్గర వస్తే ఒమెగా-6. ఈ రెండూ తిండి ద్వారానే రావాలి.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. నేను చెప్పేది పూర్తిగా వినకముందే వాడు నూనె బంద్ చేశాడు. కూరలు ఉడకబెట్టుకుని తినడం మొదలుపెట్టాడు. ఉడకబెట్టిన కూర రుచి ఉండదు కాబట్టి అన్నం ఇంకో పళ్లెం పెరిగింది. ఆకలి ఆగక సైటులో కరక్ చాయ్ నాలుగు కప్పులైంది, మధ్యాహ్నం చల్లని కూల్‌డ్రింక్ ఒకటి తోడైంది. రెండు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే ట్రైగ్లిజరైడ్లు తగ్గకపోగా ఇంకొంచెం పెరిగాయి. "నూనె చుక్క ముట్టలే అన్నా, ఎట్ల పెరిగినయి?" అని వాడు నిజంగానే బాధపడ్డాడు.

కారణం కాలేయం. అవసరానికి మించి అన్నం, చక్కెర లోపలికి పోతే కాలేయం ఊరుకోదు. ఆ చక్కెరను రెండేసి కార్బన్లుగా అతికించి 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం తయారు చేస్తుంది. మూడేసి కట్టగట్టి రక్తంలోకి పంపుతుంది. అంటే పామాయిల్‌లో ఉండే ముఖ్యమైన సంతృప్త ఆమ్లాన్నే మన కాలేయం కూల్‌డ్రింక్ నుంచి తయారు చేసిపెడుతుంది. మందు తాగేవారి విషయంలోనూ కాలేయం ఇలాగే కొవ్వు పెంచుతుంది. అందుకే ట్రైగ్లిజరైడ్లు పెరిగినవాళ్లు ముందు చూసుకోవాల్సింది చాయ్‌లో చక్కెర, కూల్‌డ్రింక్, రాత్రిపూట గుట్టగా పెట్టుకునే అన్నం, మందు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన కూడా వాడికి ఇదే చెప్పాడు. ఇప్పుడు వాడు కూరలో మామూలుగా నూనె వేసుకుంటున్నాడు, కూల్‌డ్రింక్ మానేశాడు, చాయ్ రెండు కప్పులకు తెచ్చాడు, డాక్టర్ చెప్పిన తేదీకి పరీక్షకు వెళ్తున్నాడు.

అలాగని ఏ నూనె అయినా ఒకటే అనడానికి లేదు. సంతృప్త ఆమ్లాలు ఎక్కువైతే రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, కాలేయం లోపలికి లాక్కోవడం తగ్గిస్తుంది. అది రక్తంలోనే తిరుగుతూ గుండె రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. వాటి స్థానంలో అసంతృప్త ఆమ్లాలు తింటే ఎల్‌డీఎల్ తగ్గుతుంది. ఇది మనకు మరీ ముఖ్యమైన సంగతి. అనేక దేశాల మనుషులను పోల్చి 2007లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53 ఏళ్లు. మిగతా దేశాల వాళ్లకు దాదాపు 59. సిగరెట్, బీపీ, షుగర్, టెన్షన్ లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి. కానీ మా పక్క బ్లాకులో 44 ఏళ్ల మేస్త్రి ఛాతీ పట్టుకుని కూలబడినప్పుడు, ప్రాణం దక్కి స్టెంట్‌తో ఇంటికి వెళ్లిపోయినప్పుడు, అతని మీద ఆధారపడ్డ నలుగురి బతుకు కూడా అతనితో పాటే ఇంటికి వెళ్లిపోయింది.

కాబట్టి మెస్సు లెక్క ఒకసారి వేద్దాం. ఆరుగురు ఉన్న రూములో 5 లీటర్ల డబ్బా 15 రోజులు వస్తుందనుకోండి. 5 లీటర్ల నూనె బరువు దాదాపు 4,600 గ్రాములు. ఆరుగురికి, 15 రోజులకు పంచితే మనిషికి రోజుకు 51 గ్రాములు. అది పామోలిన్ అయితే అందులో దాదాపు 45 శాతం సంతృప్త ఆమ్లాలు, అంటే 23 గ్రాములు. పల్లి నూనె అయితే సుమారు 9 గ్రాములు. పొద్దుతిరుగుడు నూనె అయితే 5 నుంచి 6 గ్రాములు. రోజు మొత్తం తిండిలో సంతృప్త కొవ్వు నుంచి వచ్చే శక్తి 10 శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. రోజుకు 3,000 కేలరీలు తినే కష్టజీవికి అది 33 గ్రాములు అవుతుంది. పామోలిన్ ఒక్కటే అందులో 23 గ్రాములు తీసుకుంటే కోడి తోలుకు, మటన్‌కు, చాయ్‌లో పాలకు, పరోటాకు మిగిలేది 10 గ్రాములే. పామోలిన్ విషం కాదు. ఊళ్లో రేషన్ షాపు నుంచి తెచ్చుకుని తిన్నవాళ్లమే మనం. కానీ మూడు పూటలా అదే నూనె, అదీ ధారగా పోస్తే లెక్క దాటిపోతుంది. అదే డబ్బాను 20 రోజులు వచ్చేలా వాడితే మనిషికి రోజుకు 38 గ్రాములే అవుతుంది. అలా మిగిలిన డబ్బు మంచి నూనెకు పెట్టుకోవచ్చు.

డబ్బా కొనేటప్పుడు ముందు బొమ్మ కాదు, వెనక చిన్న అక్షరాలు చూడండి. "వెజిటబుల్ ఆయిల్" అని మాత్రమే పెద్దగా రాసి ఉంటే వెనక పామోలిన్ అని ఉందేమో వెతకండి. సాచురేటెడ్ అన్న మాట పక్కన అంకె ఎంతుందో చూడండి. అది నలభై దాటితే ఒక రకం, ఇరవై లోపు ఉంటే ఇంకో రకం. చదవడం రాని పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే పక్కనున్న తమ్ముడు చదివి చెప్పాలి. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చెప్పే మాట కూడా మంచిదే. ఎప్పుడూ ఒకే నూనె కాకుండా మార్చి మార్చి వాడమంటారు. మన పాతవాళ్లు పల్లి, నువ్వు, కుసుమ నూనెలు గానుగ పట్టించుకుని వాడారు. ఒక్కో దాంట్లో ఒక్కో రకం ఆమ్లాల పాళ్లు ఉంటాయి కాబట్టి మార్చి వాడితే అన్నీ అందుతాయి.

ఇంకా ఒక రకం ఉంది, అది మాత్రం ఎంత తక్కువైతే అంత మంచిది. నూనెలోకి బలవంతంగా హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించే పద్ధతికి 1902లో జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ నోర్మన్ పేటెంట్ తీసుకున్నాడు. మన దేశంలో 1937లో డాల్డా వచ్చింది అలాగే. సీట్లు సగం నిండి ఆగిపోయినప్పుడు మిగిలిన వంపుల్లో కొన్ని మెలిపడి తిన్నగా అయిపోతాయి. వీటినే ట్రాన్స్ ఫ్యాట్ అంటారు. ఇవి చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తాయి. వీటిని తిండిలోంచి తీసేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పిలుపునిచ్చింది. భారతదేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో 2 శాతం మించకూడదన్న నిబంధన వచ్చింది. ఈ విషయంలో బాగా పనిచేసిన దేశంగా 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన మొదటి అయిదు దేశాల్లో సౌదీ అరేబియా ఒకటి. అయినా బిస్కెట్ ప్యాకెట్ మీద "పార్షియల్లీ హైడ్రోజనేటెడ్" అన్న మాట కనిపిస్తే దాన్ని అక్కడే పెట్టేయండి.

కొన్నాక వాడే పద్ధతి కూడా ముఖ్యమే. సెలవు రోజు మిర్చి బజ్జీలు, చికెన్ ఫ్రై వేసిన నూనెను గిన్నెలో దాచి, వారమంతా మళ్లీ మళ్లీ కాచడం మన కిచెన్లలో మామూలే. వేడికి, గాలికి వంపులున్న చోటే ఆమ్లాలు ముందుగా విరిగిపోతాయి. ఒంటికి హాని చేసే పదార్థాలు పుడతాయి. నూనె నల్లబడినా, జిగురుగా మారినా, నురుగు కట్టినా, పెనం మీద త్వరగా పొగ వచ్చినా, ముక్క వాసన వచ్చినా దాని పని అయిపోయిందని అర్థం. ఆ నూనెను పారబోయడానికి మనసొప్పదు, నిజమే. అందుకే కడాయి నిండా పోయకుండా కొంచెం నూనెతో వేయించుకుంటే మిగిలేదే ఉండదు. డబ్బాను పొయ్యి పక్కన, కిటికీ ఎండలో పెట్టకండి. మూత బిగించి చల్లని చోట పెట్టండి.

ఒమెగా-3 కోసం ఖరీదైన మాత్రలు కొనాల్సిన పని లేదు. మలయాళీ సోదరులు మత్తి అని పిలిచే సార్డిన్ చేప, అయల అని పిలిచే కానాగంతలు చేపల మార్కెట్లో చవకగా దొరికే వాటిలోనే ఉంటాయి. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకుంటే చాలు. వేపుడు కంటే పులుసే మేలు. చేప తిననివాళ్లకు అవిసె గింజలున్నాయి. వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి దంచిన అవిసెల పొడి ఇంటి నుంచి తెప్పించుకోండి. అందులోని ఒమెగా-3లో కొంచెమే డీహెచ్ఏగా మారుతుంది, అయినా లేనిదాని కంటే నయం.

ఇంకో మాట ఇంటివాళ్ల కోసం. బిడ్డ కడుపులో ఉన్న చివరి మూడు నెలల్లో, పుట్టిన తర్వాత మొదటి రెండేళ్లలో మెదడు వేగంగా పెరుగుతుంది. ఆ డీహెచ్ఏ అంతా ముందు తల్లి రక్తం నుంచి, తర్వాత తల్లిపాల నుంచి బిడ్డకు చేరుతుంది. మనం ఇక్కడ నుంచి పంపే పైసల్లో ఇంటి అప్పుకు ఇంత, చిట్టీకి ఇంత అని లెక్క చెబుతాం. భార్య కడుపుతోనో, బాలింతగానో ఉంటే చేపలకు, గుడ్లకు ఇంత అని కూడా ఫోన్లో చెప్పండి. మనకు పంపే సకినాల డబ్బా కోసం ఇంట్లో మంచి నూనె అంతా ఖర్చు చేసి, వాళ్లు మాత్రం పచ్చిపులుసుతో సరిపెట్టుకుంటున్నారేమో అడగండి.

నూనెతో పగ వద్దు, నూనెతో మరీ దోస్తీ వద్దు. ఒంట్లోని ప్రతి కణానికీ గోడ కట్టేది అదే, గుండెను నడిపించేది అదే, లెక్క తప్పితే ఆ గుండె దారికి అడ్డం పడేదీ అదే. ఇక్కడ మన చేతుల్లో లేనివి చాలా ఉన్నాయి. డ్యూటీ టైము మన చేతుల్లో లేదు, ఎండ మన చేతుల్లో లేదు, సెలవు మన చేతుల్లో లేదు. కిచెన్‌లో ఏ డబ్బా ఉండాలి, అందులోంచి ఎన్ని చెంచాలు తీయాలి అన్నది మాత్రం మన ఆరుగురి చేతుల్లోనే ఉంది. వచ్చే నెల సామాన్ల చిట్టీ రాసేటప్పుడు "నూనె" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ఏ నూనె, ఎన్ని రోజులకు అన్నది కూడా దాని పక్కన రాయండి.